నీళ్లు పోయని బిడ్డ

మొన్న బొంగులూరు దిక్కు కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో ఒక తలుపు తెరుచుకోగానే ఉడికిన వావిలాకు వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. నాలుగో అంతస్తు, కాలు జారే నున్నటి టైల్సు, గోడంత టీవీ, బాల్కనీలో ఆరేసిన పసిబట్టలు. అలాంటి ఇంట్లో ఆ వాసన ఉంటుందని నేననుకోలేదు. బాలింత స్నానానికి నీళ్లలో వేసి మరిగించే ఆకు అది, చేదుగా, ఘాటుగా, ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. నేను బస్తీ దవాఖానలో సిస్టరును. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలున్న ఇళ్లకు పోయి చూసి రావడం నా పనిలో ఒక భాగం. భుజాన సంచి ఉండగానే, చెప్పులు విప్పకముందే, ఒక్క క్షణం నేను సిస్టరును కాకుండా పోయి, ఇబ్రహీంపట్నం పాత గల్లీలో మా ఇంటి వెనక స్నానాల బండ దగ్గర, చలికి చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడ్డ చిన్నపిల్లనయ్యాను.

మా నాయనమ్మ పేరు యాదమ్మ. గల్లీకంతా యాదవ్వ. కాన్పులు ఇళ్లలో జరిగిన రోజుల్లో ఆమె మంత్రసాని. కాన్పులు దవాఖానకు మారాక ఆమెకు మిగిలిన పని పసిపిల్లలకు నీళ్లు పోయడం. తెల్లవారేసరికి ఎవరో ఒకరు మా దర్వాజ దగ్గర నిలబడి "అవ్వా, నీళ్లు కాగినయ్" అనేవాళ్లు. ఆమె చాయ గిలాస అక్కడే వదిలేసి, కొంగు నడుముకు దోపుకొని బయలుదేరేది. పసిబిడ్డ స్నానమంటే ఒక బకెట్టు, ఒక మగ్గు అనుకునేవాళ్లకు ఆ వైభవం చెప్పినా అర్థం కాదు. చీర మోకాళ్ల పైకి మడిచి, బండ మీద కాళ్లు బారచాపి, ఆ రెండు కాళ్లనూ దగ్గరికి చేర్చి, మోకాళ్లకూ పాదాలకూ నడుమ ఏర్పడే పల్లంలో బిడ్డను బోర్లా వేసుకునేది. నువ్వుల నూనె పట్టించి, శనగపిండితో నలిచి, నీళ్ల వేడిని ముంజేతి మీద చూసుకొని, అరచెయ్యి అడ్డం పెట్టి సన్నగా ధార కట్టేది. చివరికి ఒక చెంబెడు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసి దిష్టి తీసేది. ఆ పైన నిప్పుల మీద సాంబ్రాణి పొగ, అమ్మ పాలు, నిద్ర. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆ బిడ్డ కళ్లు తెరిచేది కాదు. మీసాలొచ్చిన మగపిల్లలను కూడా గల్లీలో ఆపి, "గీ ముక్కు నేను ఒత్తితె వచ్చిందిరా, లేకుంటె వంకాయ లెక్క ఉంటుండె" అని నలుగురిలో పరువు తీసేది.

మా అమ్మ సుజాత ఆశా కార్యకర్త. గల్లీలో ఎవరికి ఎన్నో నెలో, ఏ బిడ్డకు ఏ టీకా తప్పిందో, ఎవరి నాన్న టీబీ గోళీలు దిండు కింద దాస్తున్నాడో ఆమెకు తెలిసేది. నొప్పులొచ్చినవాళ్ల వెంట అంబులెన్సులో పోయేది, గోళీలు ఎదుట నిలబడి మింగించేది. ఎవరైనా తలుపు వేసుకుంటే కోపగించుకునేది కాదు, అట్లని వెళ్లిపోయేదీ కాదు. ఆ గడప మీదే కూర్చొని, వాళ్లు అక్కడ పెట్టుకున్న చిక్కుడుకాయలో, చింతపండో ముందుకు లాక్కొని ఈనెలు తీస్తూ, గింజలు తీస్తూ ఊరి సంగతులన్నీ గట్టిగా చెప్పేది. చాటలో పని అయిపోయేలోపు తలుపు తెరుచుకునేది. మొండితనం నాకు ఎక్కడినుంచి వచ్చిందని మా దవాఖానలో అడుగుతుంటారు. ఒకవైపునుంచి వచ్చి ఉంటే కదా చెప్పడానికి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా ఇంట్లో ఇమిడాయి, కాకపోతే రోజూ ఖణేల్ ఖణేల్మని మోగేవి. బొడ్డుకు ఆముదం రాయాలని నాయనమ్మ, ఏమీ రాయొద్దని అమ్మ. మొదటి పసుపుపచ్చ పాలు పిండి పారబోయాలని ఒకరు, అవే బిడ్డకు అమృతమని ఇంకొకరు. జొన్నరొట్టె కాలుస్తూ మొదలైన వాదన పప్పులో పోపు పడేదాకా సాగేది. మా బాపు ఆటో నడిపేవాడు. ఇద్దరి గొంతులూ లేవగానే బకెట్టు తీసుకొని ఆటో కడగడానికి బయటికి పోయేవాడు. ఇబ్రహీంపట్నంలో అంత తళతళలాడే ఆటో ఇంకొకటి ఉండేది కాదు.

మా పిల్లల ఆటల్లోకి కూడా ఈ యుద్ధమే వచ్చింది. వానాకాలం చివర్లో లేత మక్కకంకులు వచ్చేవి. పొట్టు కొంచెం ఒలిస్తే పైన ఎర్రటి పీచు జుట్టు, లోపల తెల్లటి పాలగింజల ఒళ్లు, అచ్చం పసిబిడ్డ. దానికి పాత రైకముక్క చుట్టి, ఒకరు యాదవ్వ అయ్యేవాళ్లు, ఒకరు ఆశా అయ్యేవాళ్లు. యాదవ్వ నీళ్లు పోస్తానంటుంది, ఆశా వద్దంటుంది. మిగతా పిల్లలు రెండు పార్టీలయి అరుస్తారు. చివరికి ఆ బిడ్డను నిప్పుల మీద కాల్చి, ఉప్పూకారం నిమ్మచెక్కతో రుద్ది అందరం పంచుకొని తినేవాళ్లం. రెండు పార్టీలూ అక్కడ ఏకమయ్యేవి.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. పొద్దున చెరువు మీదినుంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారేవి. సందుసందుకూ చలిమంటలు, ఆ మంటల దగ్గర ఉడకబెట్టిన అనపకాయలు ఒలుచుకొని తింటూ ముసలివాళ్లు, పొగ వాసన పట్టిన దుప్పట్లు. అప్పుడే మా ఎదురింటి అంజమ్మ కూతురు మంజుల తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి, నెలలు నిండకముందే ప్రసవించింది. ఆడపిల్ల. దవాఖాననుంచి తెచ్చిన రోజు మేమంతా ఎగబడి చూశాం. తువ్వాలలో ముఖం వెతుక్కోవలసి వచ్చింది. వేళ్లు అగ్గిపుల్లలంత. దవాఖానవాళ్లు చెప్పి పంపిన మాట ఒకటే: బరువు పెరిగేదాకా స్నానం వద్దు, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు ఆనించి వెచ్చగా పెట్టుకోవాలి, చల్లబడితే బిడ్డ దక్కదు. అమ్మ ఆ మాటను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి అంజమ్మ ఇంట్లో అప్పజెప్పి వచ్చేది.

కానీ పురుడు రోజు వచ్చింది. మా దిక్కు ఆ రోజు తల్లీబిడ్డలకు నీళ్లు పోస్తే తప్ప ఇంటికి అంటు పోదు, అంటు పోనిదే దేవుని దగ్గర దీపం పెట్టకూడదు. చుట్టాలు దిగారు. అంజమ్మ కాగు కింద మంట పెట్టి నాయనమ్మను పిలిచింది. నాయనమ్మ కొంగు దోపుకొని పోయి బండ మీద కూర్చొని కాళ్లు కూడా చాపింది. అప్పుడొచ్చింది అమ్మ.

"అత్తమ్మా, లెవ్వు. గా పిల్లకు నీళ్లు పొయ్యొద్దు."

"పురుడే ఇయ్యాల. నాలుగు సుక్కలన్న పొయ్యకుంటె ఎట్ల?"

"ఒక్క సుక్క గూడ వద్దు. బరువు పెరగాలె ముందు."

"నా కాళ్ల మీద తానం జెయ్యకుండ ఈ గల్లీల పెరిగినోడు ఎవడున్నడో సూపియ్యి."

"ఎవలు లేరు. గీ పిల్ల మాత్రం పెరుగుతది," అంది అమ్మ.

చుట్టాలందరూ చూస్తున్నారు. నాయనమ్మ చాపిన కాళ్లు ముడుచుకొని, చీర సర్దుకొని, లేచి ఇంటికి వచ్చి, నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. బాపు బకెట్టు తీసుకున్నాడు. అమ్మ అంజమ్మకు మళ్లీ ఒకసారి చెప్పి, ఆ రోజు టీకాల దినం కావడంతో అంగన్‌వాడీకి వెళ్లిపోయింది.

ఇద్దరూ లేని ఆ వాకిట్లో కాగిన నీళ్లు మిగిలాయి. దీపం పెట్టని ఇల్లు, వచ్చి కూర్చున్న చుట్టాలు, మరుగుతున్న కాగు. అంజమ్మ భయస్తురాలే తప్ప చెడ్డది కాదు. నాలుగు చెంబులు తనే పోసేస్తే ఇటు దేవునికీ అటు చుట్టాలకూ జవాబు చెప్పినట్లవుతుందనుకుంది. ఆమెకు కాళ్ల మీద వేసుకోవడం చాతకాదు. పీట మీద పెట్టి, బయటి గాలిలో, నీళ్లు చల్లారుతున్నాయని తెలియకుండానే పోసింది. తుడిచాక ముఖం చూడడానికి బిడ్డ చేతులు మారింది. తర్వాత కొత్త బట్టలో చుట్టి, చేతి అలవాటు కావద్దని తల్లి పక్కనుంచి తీసి ఉయ్యాల తొట్టెలలో వేశారు. మంజులకు అప్పటికే ఒళ్లు కాలిపోతోంది. అడ్డం చెప్పే ఓపిక ఆమెకు లేదు.

బడి నుంచి మధ్యాహ్నం అన్నానికి నేను ఇంటికి వచ్చేసరికి అంజమ్మ గల్లీలోకి పరుగెత్తుకొస్తోంది. "సుజాతా, పిల్ల పాలు తాగుత లేదే, కాళ్లు సల్లగైనయే" అని అమ్మ లేని ఇంటి ముందు నిలబడి ఏడుస్తోంది. నేను పళ్లెం ముఖం కూడా చూడకుండా అంగన్‌వాడీకి ఉరికాను. అమ్మ వచ్చి, అరచేతి వెనకభాగంతో బిడ్డ కాళ్లు, ఆ తర్వాత పొట్ట తాకి చూసింది. పొట్ట కూడా చల్లబడింది. అమ్మ ముఖంలో రంగు పోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. అంబులెన్సు దూరంలో ఉంది, వచ్చేదాకా ఆగలేం. బాపు ఆటో తెచ్చాడు, అప్పుడే కడిగిన ఆటో, సీట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

మంజుల వణుకుతూ రెండు అడుగులు వేసి కూలబడింది. అమ్మ ఆమెను పట్టుకోవాలి, బిడ్డను ఒంటికి పెట్టుకోవాలి, ఉన్నవి రెండు చేతులే. అంజమ్మ తల బాదుకోవడం తప్ప ఇంకేమీ చేసే స్థితిలో లేదు.

"ఇటియ్యి," అంది వెనకనుంచి నాయనమ్మ.

భుజాన తాత గొంగడి. ఆమె గోడ వైపు తిరిగి, రైక ముడి విప్పి, బట్టలన్నీ తీసేసిన బిడ్డను తన రొమ్ముల నడుమ పెట్టుకొని, పైన చీరకొంగు, ఆ పైన గొంగడి కప్పుకొని ఆటో ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ అమ్మను చూసి అంది: "నీళ్లు పొయ్యొద్దన్నవ్. ఎత్తుకోవద్దని ఎవలు జెప్పలే గద."

నన్నెవరూ రమ్మనలేదు, ఉండమననూ లేదు. బాపు పక్కన ఇరుక్కొని కూర్చున్నాను. సాగర్ రోడ్డు మీద లారీలు దాటినప్పుడల్లా గాలి ఆటోను ఊపేస్తోంది. వెనక సీట్లో ఒకవైపు మంజులను ఒడిలో పడుకోబెట్టుకున్న అమ్మ, ఇంకోవైపు గొంగడి మూటలా నాయనమ్మ. ఆ మూట లోపలికి తల వంచి ఆమె ఆపకుండా మాట్లాడుతోంది. ఏం భయం లేదు బిడ్డా, యాదవ్వ ఉన్నది, జర గట్టిగ ఉండు, నీ అసుమంటోళ్లను మస్తు మందిని సూసిన. అమ్మ కాసేపటికోసారి గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చి ఆ చిన్న పాదాలు వెతుక్కుంటోంది. మన్నెగూడ దాటాక నాయనమ్మ గొంతు మారింది.

"ఎచ్చవడుతున్నయే, సూడు."

అమ్మ చూసింది. తల ఊపింది. బాపు వెనక్కి తిరగలేదు కానీ కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది. చాలాసేపటికి నాయనమ్మ, ఎవరితోనో అన్నట్లుగా, అంది: "నేను అలిగి పంటి. నువ్వు పనివడి పోతివి. పొయ్యనీకె నేను లేకపోతి, ఆపనీకె నువ్వు లేకపోతివి. నడుమ పిల్ల సలిల పడ్డది." అమ్మ పాదాల మీదున్న చెయ్యి తీసి అత్త మోకాలి మీద వేసి, దవాఖాన వచ్చేదాకా అక్కడే ఉంచింది.

దవాఖానలో తల్లినీ బిడ్డనూ ఉంచుకొని బతికించి పంపారు. వెచ్చగా తెచ్చారు కాబట్టి సరిపోయిందని అక్కడి డాక్టరమ్మ అన్నదట. ఆ మాటను నాయనమ్మ గల్లీలో ప్రతి ఇంటికీ స్వయంగా పోయి చెప్పి వచ్చింది. అక్కడినుంచి ఆ చలికాలమంతా ఆమె మకాం అంజమ్మ ఇంట్లోనే. మంజుల తిని, పడుకొని లేచేదాకా బిడ్డ నాయనమ్మ రొమ్ము మీదే. ఆమె కాలు సాగదీసుకోవడానికి లేస్తే అంజమ్మ. ఆఖరికి, ఊరినుంచి వచ్చిన బిడ్డ తండ్రిని కూడా సిగ్గు పడనివ్వకుండా అంగీ విప్పించి కూర్చోబెట్టింది. చూడడానికి వచ్చిన ముసలమ్మ ఎవరైనా "ఇంక నీళ్లు పొయ్యలేదా?" అని నోరు తెరిస్తే, నాయనమ్మ తల కూడా ఎత్తేది కాదు. "నీకేమన్న వాసనొస్తుందా? రాకుంటె నడువు."

ఆ పిల్లకు గల్లీ పెట్టిన పేరు 'నీళ్లు పొయ్యని బిడ్డ'. యాదవ్వ పోస్తేనే నీళ్లు, అంజమ్మ పోసినవి లెక్కలోకి రాలేదు. దేవుని దగ్గర దీపం గురించి అంజమ్మ భయపడితే, నాయనమ్మే పోయి వెలిగించి వచ్చింది. ఏదన్నా అయితే నాకే కానీ అంది. ఏమీ కాలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయాక ఒక పొద్దున అమ్మ బిడ్డను జోలెలో వేసి తక్కెడకు వేలాడదీసి, ముల్లు చూసి, మా ఇంటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది: "అత్తమ్మా, కాగు వెట్టు."

అట్లాంటి స్నానం నేను మళ్లీ చూడలేదు. గల్లీ అంతా అంజమ్మ వాకిట్లోనే ఉంది. నాయనమ్మ తీరిగ్గా కాళ్లు చాపి, బిడ్డను పడుకోబెట్టుకొని, నూనె చేతిలో పోసుకొని, ముందు అమ్మను కేకేసింది. "ఇట్ల గూసో. సూసి నేర్సుకో. రేపు నేనుండ." అమ్మ పక్కనే కాళ్లు చాపి కూర్చుంది. వీపు రుద్దడానికి బిడ్డను ఒకసారి ఆమె కాళ్ల మీదికి మార్చారు. జారిపోతుందేమోనని అమ్మ కాళ్లు రెండూ ఎంత బిగదీసిందంటే, లేచాక కొంతసేపు నడవలేకపోయింది. నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసే బాలింతల ఇళ్లకు పోయేవాళ్లు. ముందు నాయనమ్మ గడప దాటేది, వెనక అమ్మ సంచితో. బొడ్డుకేం రాయొద్దన్న మాట అత్త నోట వినిపిస్తే ఇక ఎవరూ వాదించేవాళ్లు కాదు. వాదనలు ఇంట్లో మాత్రం తగ్గలేదు. బాపు ఆటో చివరిదాకా మెరుస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ స్నానాల బండ లేదు. గల్లీలో సీసీ రోడ్డు వేసినప్పుడు దాన్ని ఎత్తి ఎక్కడో పడేశారు, వెతికినా దొరకలేదు. వావిలి పొద ఉన్న చోట మొబైల్ దుకాణం వచ్చింది. నాయనమ్మ పోయింది. పోయేముందు కాళ్లు నొప్పులని మందు రాయించుకుంటూ, "ఎంత మందిని మోసినయే ఇవి" అని వాటిని తానే నిమురుకునేది. అమ్మకు పూర్తిగా పట్టుబడక, నేను నేర్చుకోక, ఆ పనితనం ఆమెతోనే పోయింది, అది తలచుకుంటే నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వస్తుంది. నీళ్లు పొయ్యని బిడ్డ ఇప్పుడు అమ్మమ్మ దగ్గరే ఉండి పదో తరగతి చదువుతోంది. స్నానానికి పోతే బయటికి రాదని అంజమ్మ రోజూ తలుపు బాదుతుంది. అమ్మ ఇప్పటికీ ఆ పాత గల్లీలో ఆశాగానే తిరుగుతోంది, గడపల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. నాకు దక్కినవి ఈ కొత్త అపార్టుమెంట్లు. ఇక్కడ గడపలు లేవు, ఒలవడానికి చాటలు లేవు, తలుపులకు మాత్రం కన్నాలున్నాయి. అయినా పోతాను. తెరిచేదాకా బెల్లు నొక్కుతాను.

మొన్నటి ఆ ఇంట్లో బాలింతకు ఆపరేషను అయింది. లేచి కూర్చోవడమే కష్టంగా ఉంది. భర్త రావిర్యాల దగ్గర కంపెనీలో పనిచేస్తాడు. అతని తల్లి కల్వకుర్తి దిక్కు పల్లెలో ఉంది, పత్తి ఏరుడు అయ్యేదాకా రాలేదు. వంటింటి గట్టు మీద డబ్బాకు ఆనించిన ఫోన్లోంచి, వీడియోలో, ఆమె కొడుకుచేత నీళ్లు కాగబెట్టిస్తోంది. పొయ్యి మీద వావిలాకు అందుకే. పక్కన బిడ్డకోసం ప్లాస్టిక్ టబ్బు, అందులో అప్పటికే సగం నీళ్లు. బిడ్డ మంచం మీద దుప్పటిలో ఉన్నాడు. నేను చేతి వెనకభాగంతో పాదాలు తాకాను. చల్లగా ఉన్నాయి. పొట్ట ఇంకా వెచ్చగానే ఉంది.

"అన్నా, అంగీ విప్పు," అన్నాను.

అతను బిత్తరపోయి భార్యను చూశాడు. ఫోన్లోంచి తల్లి గొంతు లేచింది. "ఏందమ్మా గది? పోరనికి నీళ్లు పొయ్యరా?"

"పోద్దాం పెద్దమ్మా. బరువు పెరగనియ్యి, తప్పకుండ పోద్దాం. గప్పటిదాక ఒంటికి ఒళ్లు ఆనాలె. కోడలు లేసెదాక తండ్రి రొమ్మే పిల్లగానికి ఇల్లు."

అతను సిగ్గుపడుతూ అంగీ విప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. బిడ్డను అతని రొమ్ము మీద పెట్టి, పైన దుప్పటి కప్పాను. ఫోనును తిప్పి అతని వైపు పెట్టాను. పాదాలు వెచ్చబడేదాకా నేను చెయ్యి తీయలేదు. బిడ్డ మూతి కదిలించి, రొమ్ము వెతుక్కుంటూ తండ్రి ఛాతీ మీద తల రుద్దాడు. వాణ్ని తల్లి పక్కలోకి తీసుకుపోయి పాలు పట్టించి, మళ్లీ అతని రొమ్ము మీదికి చేర్చాను. అప్పుడు పత్తి చేను గట్టున కూర్చున్న ఆ ముసలామె నోరు విప్పింది.

"గట్లనే వట్టుకో బిడ్డా. నేనొచ్చెదాక దించకు."

సంచి సర్దుకుంటూ ఆమెను అడిగాను, కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోయడం వచ్చా అని. ఎందరికి పోశానో లెక్క లేదమ్మా అంది. అయితే వచ్చిన రోజు నాకు ఫోను చేయమని నంబరు ఇచ్చాను. బిడ్డ బరువు సరిపోయిన పొద్దున నేను సెలవు పెట్టి మరీ వస్తాను. ఆ ఇంట్లో బండ లేకపోతే బాల్కనీలో కూర్చుంటాం. కాళ్లు చాపి ఆమె పక్కన కూర్చొని నేర్చుకుంటాను.